రంగు తెగిన ఫ్రేము

లోవలక్ష్మి ఏడవలేదని మెట్టుగూడలో ఆ వీధి వీధంతా చెప్పుకుంది. పిల్లాడు పోయిన రోజున ఏడవలేదు, ఆ తరవాతా ఏడవలేదు. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ళు గుమ్మంలోనే ముక్కు చీదుకుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వచ్చారు. తీరా చూస్తే తల్లి కళ్ళు పొడిగా ఉన్నాయి. ఏం చెయ్యాలో పాలుపోక కాసేపు ఫ్యాను వంక చూసి లేచి వెళ్ళిపోయారు. కంప్యూటర్ ఉద్యోగం చేసే పిల్ల, గుండె కూడా అలాగే తయారయింది అన్నారు మెట్లు దిగాక. అనేవాళ్ళకేం, నోరుంది, అంటారు. ఏడుపు రాకపోవడం ఎంత కష్టమో వాళ్ళకు ఎవరు చెప్పాలి?

పిల్లాడి పేరు సూరిబాబు. ఐదో నెల నడుస్తుండగా జలుబు చేసింది. జలుబు నిమ్ములోకి దిగింది. ఆసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. లేడన్నారు. అడిగినవాళ్ళకల్లా లోవలక్ష్మి ఈ నాలుగు ముక్కలే, ఇదే వరసలో, స్టేషన్లో రైళ్ళ రాకపోకలు చెప్పినట్టు చెప్పేది. చెబుతున్నప్పుడు లోపల ఏమీ కదిలేది కాదు. కూరలో ఉప్పు తక్కువైనా తెలిసేది కాదు, ఎక్కువైనా తెలిసేది కాదు. పక్కింటివాళ్ళ టీవీలో నవ్వులు వినిపిస్తే కోపమైనా రావాలి కదా, అదీ రాలేదు.

భర్త వరహాలబాబు రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. ఇద్దరిదీ తుని వైపు. లోవలక్ష్మికి తల్లి లేకపోవడంతో పురుడు పొయ్యడానికి అత్తగారు నూకరత్నమే ఊరినించి వచ్చి, మనవణ్ణి వదల్లేక ఇక్కడే ఉండిపోయింది. ఇప్పుడు మనవడు లేడు, ఆవిడ ఉంది. పొద్దున్నే లేచి వంటింట్లో గిన్నెలు చప్పుడు కాకుండా తోముకుని, కొడుక్కీ కోడలికీ క్యారేజీలు కట్టి, వాళ్ళు వెళ్ళాక తలుపేసుకుని కూర్చునేది. అత్తా కోడళ్ళ మధ్య మాటామంతీ లేదు. గొడవా లేదు. ఉన్నదల్లా ఒక ఫోటో గురించిన సంగతి, అదీ ఇద్దరిలో ఎవరూ ఎత్తనిది.

అన్నప్రాసన అయ్యేదాకా పిల్లాడికి ఫోటో తియ్యకూడదని నూకరత్నం కట్టడి చేసింది. పసిగుడ్డును కెమెరా ముందు పెడితే ఆయువు తరుగుతుందని వాళ్ళ ఇళ్ళలో పాత నమ్మకం. వరహాలబాబు మోజు పడి కొత్త కెమెరా కొని, రీలు కూడా వేసి సిద్ధంగా పెట్టుకున్నాడు. "మా ఇంటా వంటా లేదురా, ఆరో నెల రానీ, నీ ఇష్టం వొచ్చినన్ని తీసుకో" అని తల్లి చెవినిల్లు కట్టుకుని పోరింది. సరే, ఎన్నాళ్ళులే అనుకున్నారు. ఆరో నెల రాలేదు. కెమెరా బీరువాలో ఉంది, రీలు కెమెరాలో ఉంది, సూరిబాబు ఫోటో మాత్రం భూమ్మీద ఎక్కడా లేదు.

దానికి లోవలక్ష్మి మొదట్లో ఏమీ అనుకోలేదు. కన్నతల్లికి ఫోటో ఎందుకు? ఆ ధీమా రెండు నెలలకే సడలిపోయింది. ఒకరోజు బస్సులో నిలబడి ఉండగా వాడి ముఖం తలుచుకోబోతే రాలేదు. ఆసుపత్రి గాజుపెట్టె వచ్చింది, చేతికి వేసిన ప్లాస్టరు వచ్చింది, నర్సు చెప్పుల రంగు కూడా వచ్చింది. ముఖం ఉండాల్సిన చోట మాత్రం ఏమీ లేదు. ఇంటికొచ్చి అద్దం ముందు కూర్చుని, తన ముక్కు చూసుకుంటూ వాడి ముక్కు గుర్తు చేసుకోవాలని చూసింది. అలా ఎవరికైనా కుదురుతుందా? ఏడవని తల్లి అని ఊరు అననే అంది, ఇక మరిచిపోయిన తల్లి అని కూడా అనిపించుకోవాలేమోనని ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. రోజూ బస్సులో ఒకసారి ప్రయత్నించేది. రోజూ ఇంకాస్త తక్కువ వచ్చేది.

సెలవు అయిపోయాక మళ్ళీ ఆఫీసులో చేరింది. పద్మారావు నగర్లో, కింద మందుల షాపు, పైన మూడు గదులు. ఊరంతా జావా నేర్చుకుని విమానాలెక్కుతున్న రోజులవి. ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల ప్రకటనలే. ఈ మూడు గదుల్లో మాత్రం ఎవరికీ విప్పి చెప్పలేని పని ఒకటి జరిగేది. ఫోన్లో మాట్లాడుతూ అవతలి మనిషి ముఖం చూసుకునే పెట్టె ఒకటి తయారు చేస్తున్నాడు ఎక్కడో విదేశంలో ఒక ఆసామి. అందులో కెమెరా పట్టిన బొమ్మను తెర మీదికి చేర్చే ప్రోగ్రాము రాయడం లోవలక్ష్మి పని.

బొమ్మ అంటున్నాం గానీ యంత్రం లోపల బొమ్మా లేదు, రంగూ లేదు. అంకెలున్నాయి. తెర మీద ఒక్కో చుక్కకీ లోపల పదహారు చిన్న గదులుంటాయి, ఒక్కో గదిలో సున్నానో ఒకటో. ఆ పదహారులో ఎరుపుకి ఐదు, ఆకుపచ్చకి ఆరు, నీలానికి ఐదు. ఆకుపచ్చకి ఒక గది ఎక్కువ ఇవ్వడానికి కారణం మనిషి కన్ను ఆ రంగులో తేడాలు బాగా పసిగడుతుంది. గదుల వరస ఒక్కటి తారుమారైతే చాలు, ఎర్ర గులాబీ నీలంగా మొలుస్తుంది. కెమెరాది ఇంకో పద్ధతి. అది ముందు చుక్కచుక్కకీ వెలుగు ఎంతుందో వరసగా రాసుకుంటూ పోతుంది. మొత్తం బొమ్మ వెలుగంతా అయ్యాక, చివర్న, రంగుని రెండు చిన్న కుప్పలుగా పోస్తుంది. రంగు దగ్గర దానికి పిసినారితనం. నాలుగు చుక్కలకి కలిపి ఒక్క రంగే రాస్తుంది, ఎందుకంటే వెలుగు సరిగ్గా ఉంటే రంగు మోటుగా ఉన్నా కన్ను సర్దుకుపోతుంది. కెమెరా లెక్కని తెర లెక్కలోకి మార్చడమే లోవలక్ష్మి రెండేళ్ళుగా చేస్తున్నది. సెలవు తరవాత కూడా ఆ పని తేడా లేకుండా చేసింది. అంకెలకి మనసుతో పనిలేదు కదా. ఓనరు రామభద్రరావు గారైతే మునుపటికంటే తప్పులు తగ్గాయని మెచ్చుకున్నాడు కూడా. ఆయన మంచివాడే, ఏది ఎప్పుడు అనాలో తెలియదంతే.

ఒక మధ్యాహ్నం రాజేందర్ ఆవిడ కుర్చీ పక్కకి వచ్చి నిలబడ్డాడు. అల్వాల్ కుర్రాడు, కెమెరా బిగించిన బోర్డు పని అతనిది. మామూలుగా వాగుడుకాయ. పిల్లాడు పోయినప్పటినించీ ఆవిడ ఎదురుపడితే గోడవారగా నడిచేవాడు.

"అక్కా, జెర మాట్లాడాలె. నువ్వు కోపం చెయ్యద్దు."

"చెప్పు."

"నువ్వు లీవుల ఉన్నప్పుడు ఒకసారి బాబును తీస్కొని ఆఫీసుకు వచ్చినవ్ గద. గా ఖిడ్కీ కాడ కుర్సీల కూసున్నవ్. కెమెరా బోర్డు ఎదురుంగనే ఉండె. టెస్టింగుకని నేనొక ఫ్రేం కొట్టిన, ఒక్క బొమ్మ. నీకు చెప్పుడు యాదిమర్చిన." మూలనున్న మెషిన్ వైపు చెయ్యి చూపించాడు. "సారు పాత మెషిన్ ఫార్మాట్ చెయ్యమన్నరు, కొత్తగ వచ్చేటోళ్ళకు ఇయ్యాల్నంట. ఫోల్డర్లు చూస్తుంటే గిది దొరికింది. ఉట్టి డంపు. నేను తెరువలే అక్కా. నాకు భయమైంది."

లోవలక్ష్మికి గుండె దడదడలాడిందని రాస్తే బాగుండేది. ఏమీ కాలేదు. ఆవిడ లేచి వెళ్ళి పాత మెషిన్ ముందు కూర్చుని ఫైలు తారీఖు చూసింది, అంతే.

మామూలు ఫోటో ఫైలుకి నెత్తిన ఒక చీటీ లాంటిది ఉంటుంది: వెడల్పు ఇంత, ఎత్తు ఇంత, రంగులు ఇలా పేర్చాను అని. డంపుకి అదేమీ ఉండదు. బోర్డు జ్ఞాపకంలో ఉన్న అంకెలను తోడి పోసిందే డంపు. ఎలా చదవాలో చదివేవాడే తేల్చుకోవాలి. ఆవిడ ముందు తెర లెక్కలో, చుక్కకి పదహారు గదుల చొప్పున చదివించింది. తెర పైసగంలో కళ్ళు చెదిరే ఊదా, ఆకుపచ్చ, నారింజ పొడి పరుచుకుంది. ఆ పొడిలో ఏదో ఆకారం పక్కపక్కన రెండుసార్లు, సన్నగా నొక్కేసినట్టు కనబడింది.

"రెండు కనబడుతున్నయి అక్కా" అన్నాడు రాజేందర్ వెనకనించి.

"రెండు వరసల్ని ఒక వరసగా చదువుతోంది. అంటే చుక్కకి ఎనిమిది గదులే. ఇవి కెమెరా అంకెలు, వెలుగు అంకెలు." గొంతు ఎప్పటిలాగే ఉంది. "కానీ ఫైలు చిన్నదిగా ఉందేమిటి?"

రాజేందర్ బుర్ర గోక్కున్నాడు. "ఆ దినం డిస్కు ఫుల్ అయిందక్కా. పాత టెస్టులన్నీ దాని మీదనే ఉండె. సగంల కట్ అయినట్టుంది."

కట్ అయింది సగంలో కాదు, సరిగ్గా వెలుగు కుప్ప చివర. రంగు కుప్పలు రెండూ డిస్కు మీదికి ఎక్కనే లేదు. లోవలక్ష్మి కెమెరా లెక్కలో చదివేలా ప్రోగ్రాము మార్చి, లేని రంగుల చోట అలవాటుగా సున్నాలు నింపి, మీట నొక్కింది.

తెర మీద సూరిబాబు ఉన్నాడు. ముఖం, చేతులు, టోపీ, వెనక గోడ, అన్నీ పాచిపట్టిన గోడలా ఆకుపచ్చగా ఉన్నాయి.

"అయ్యో దేవుడా" అని రాజేందర్ రెండు అరచేతులూ తెరకి అడ్డం పెట్టేశాడు. "బంద్ చెయ్యక్కా. గిట్ల చూడకు. నీ కాళ్ళు మొక్కుత, బంద్ చెయ్యి."

"చెయ్యి తియ్యి రాజేందర్. తప్పు నాదే."

ఈ పని చేసేవాళ్ళలో ఆ తప్పు ఒక్కసారైనా చెయ్యనివాళ్ళు ఉండరు. రంగు లేదంటే సున్నా అనుకుంటారు. కెమెరా లెక్కలో రంగుకి రెండు అంకెలు, నీలం వైపు ఎంత, ఎరుపు వైపు ఎంత అని. రెండూ సున్నా అంటే ఆ రెండింటికీ ఎంత దూరం పోగలిగితే అంత దూరం పోవడం, అంటే చిక్కటి ఆకుపచ్చ. ఏ రంగూ లేకపోవడం అంటే రెండు అంకెలూ సరిగ్గా నడిమధ్యలో, నూట ఇరవై ఎనిమిది దగ్గర, ఎటూ మొగ్గకుండా నిలబడటం. లోవలక్ష్మి సున్నాలు తీసి నూట ఇరవై ఎనిమిదులు పెట్టింది. ఆకుపచ్చ పోయింది. పాతకాలం ఫోటోలా నలుపు తెలుపుల్లో పిల్లాడు మిగిలాడు.

చక్కగా వచ్చాడు. కనుబొమల వెంట్రుకలు కూడా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. టోపీ కాస్త పక్కకి జరిగి ఉంది, నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది, బుగ్గ మీద దిష్టిచుక్క. చివర్న ఎవరిదో భుజం, చీర అంచు. ఆ భుజం తనదే.

లోవలక్ష్మి చూసింది. చూస్తూనే ఉంది. రాజేందర్ ఆవిడ ఏడుస్తుందేమోనని ఎదురు చూస్తున్నాడు. ఆవిడా అందుకే ఎదురు చూస్తోంది. ఎంత చూసినా ఎవరో పిల్లాడిని చూసినట్టే ఉంది. ముచ్చటగా ఉన్నాడు, ఎవరి బాబో అనుకున్నట్టుంది. ఇన్నాళ్ళ తరవాత మొదటిసారి ఆవిడకి ఏదో తెలిసింది. అది భయం. ముఖం దొరికినా పిల్లాడు దొరకకపోతే ఇక వెతుక్కోవడానికి ఏం మిగిలింది?

ఫైలు కాపీ తీసుకుని, ఆఫీసు ప్రింటరు మీద కాయితం మీదికి దింపి, మడత పెట్టకుండా క్యారేజీ సంచిలో నిలువుగా పెట్టుకుని ఇంటికి తెచ్చింది. వరహాలబాబు డ్యూటీ దిగి వచ్చాక తలుపు దగ్గరగా వేసి చూపించింది. అతను అలా చూసి ఇలా తల తిప్పేసుకున్నాడు.

"వాడేనా?" అంది.

"అదేం ప్రశ్న? లోపల పెట్టెయ్ లోవా. నావల్ల కాదు." బనీను అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "అమ్మకి మాత్రం చూపించకు. నీకు దణ్ణం పెడతాను. ఫోటో తియ్యొద్దంటే తీశారు, అందుకే పోయాడంటుంది. ఆ మాట ఒకసారి నోట్లోంచి వచ్చాక మనం ముగ్గురం ఒకే ఇంట్లో ఉండగలమా?"

అతను చెప్పింది అక్షరాలా నిజం. లోవలక్ష్మి కాయితాన్ని బీరువాలో చీరల కింద పెట్టింది. పెట్టిందే గానీ అప్పటినించి మనశ్శాంతి లేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసి చూసేది. ఎవరో పిల్లాడు. మళ్ళీ పెట్టేసేది. భర్త చూడలేడు. తను చూసినా తెలియడం లేదు. ఈ ముఖం మాదే అని గట్టిగా చెప్పగల మనిషి ఇంట్లో ఇంకొకరే ఉన్నారు. వాణ్ణి రోజూ కాళ్ళ మీద వేసుకుని నూనె రాసి నలుగుపెట్టి నీళ్ళు పోసిన మనిషి. ఆవిడ పోరు పెట్టినా సరే, శాపనార్థాలు పెట్టినా సరే, వాడేనో కాదో చెబితే చాలు అనిపించింది. ఒక సాయంత్రం వరహాలబాబు ఇంకా రాకముందే, అత్తగారు బియ్యం ఏరుతుంటే వెళ్ళి చేట పక్కన కాయితం పెట్టింది.

నూకరత్నం బియ్యం మీంచి కళ్ళెత్తి చూసింది. చేతులు దులుపుకుంది. కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకుని కాయితాన్ని కిటికీ వెలుతురుకి పట్టుకుంది.

"ఎప్పుడు తీసేరిది?"

"నాలుగో నెలలో. మా ఆఫీసులో. నాకు తెలియకుండా తీశారు అత్తయ్యా."

ఇక మొదలవుతుందనుకుని లోవలక్ష్మి తలుపు పట్టుకుని నిలబడింది. నూకరత్నం వేలితో కాయితం మీద పొడిచింది.

"మరిదేటి, టోపీ తెల్లగుంది? పచ్చటోపీ గదా ఇది. మా ఊరి దేవమ్మ అల్లింది, పసుపు ఉన్నితోటి. సొక్కా కూడా బూడిద రంగు కొట్టేసేరు. ఈ సొక్కా గులాబీ రంగమ్మా. నేను ఎన్నిసార్లు ఉతికేను, నాకు తెల్దేటి?"

లోవలక్ష్మి ఎదురు చూసింది ఒకటి, వచ్చింది ఇంకొకటి. "రంగు రాలేదత్తయ్యా. ముఖం వచ్చింది, రంగు పోయింది" అంది.

"ముకం ఆడిదే" అంది నూకరత్నం. ఇంకాసేపు చూసి కళ్ళజోడు తీసేసింది. "నేను వొద్దన్నాను. వొద్దంటే బతికుంటాడనుకున్నాను. తీసేరు గదా, తీసినా పోయేడు, తియ్యకపోయినా పోయీవోడే. నా మాటినకుండా మీరే తీసుకోవల్సింది. ఆ రీలు కెమెరాతో తీసుంటే ఆడు రంగుల్లో ఉండీవోడు. రంగు లేకుండా ఈ కాయితం ముక్క మిగలడం నావల్లే." చేట దగ్గరికి లాక్కుని మళ్ళీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది. ఏరిన బియ్యమే ఏరుతోంది.

లోవలక్ష్మి కింద కూర్చుంది. అత్తగారి మీద తనకి కోపం ఉందనుకుంది ఇన్నాళ్ళూ. తీరా వెతికితే అదీ లేదు. "రంగులు నువ్వు చెబితే నేను వేస్తాను" అంది. "ఆదివారం ఆఫీసుకి వస్తావా?"

ఆదివారం నూకరత్నం ఉతికిన చీర కట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని ఆఫీసు మెట్లెక్కింది. కంప్యూటర్ గది గుడిలాంటిదని ఎవరు చెప్పారో ఏమో. రాజేందర్ ఎంత చెప్పినా వినకుండా చెప్పులు గుమ్మం బయటే విడిచి, ఫ్యాను కింద కుర్చీలో అంచు మీద కూర్చుంది. కొడుక్కి చెప్పకుండా వచ్చింది. రాజేందర్ మౌసు పట్టుకున్నాడు. లోవలక్ష్మి పక్కన కూర్చుని అంకెలు చెప్పడానికి సిద్ధమైంది. ఏ భాగానికి గీత గీస్తే ఆ భాగానికి రంగు అంకెలు రెండూ మార్చేలా చిన్న ప్రోగ్రాము రాసి పెట్టుకుంది. వెలుగు జోలికి పోదు. ముఖమంతా వెలుగులోనే ఉంది కాబట్టి గీత మోటుగా గీసినా ఫరవాలేదు.

ముందు టోపీ. నీలం వైపు అంకె తగ్గించమంది లోవలక్ష్మి. టోపీ లేత పసుపులోకి తిరిగింది. నూకరత్నం కుర్చీలో ముందుకి జరిగింది.

"ఇంకా పచ్చగుండాలి బాబూ. ఇది వెలిసిపోయినట్టుంది. అది కొత్త టోపీ."

అంకె ఇంకా తగ్గింది. "ఆఁ, అదీ" అంది. చొక్కా గులాబీ అయింది. కుర్చీ గోధుమ రంగు అయింది. చీర అంచు దగ్గర ఆగారు. ఏ చీరో లోవలక్ష్మికి గుర్తు లేదు. "మెంతాకు రంగుది, నీ శ్రీమంతానికి పెట్టిన చీర" అంది నూకరత్నం తడుముకోకుండా. నా చీర కూడా ఈవిడకే గుర్తుందా అనుకుంది లోవలక్ష్మి. రోషమైనా రాలేదు, చెప్పిన రంగుకి అంకెలు చెప్పింది.

తరవాత ఒంటి రంగు. రాజేందర్ జాగ్రత్తగా ముఖం చుట్టూ గీత గీసి, తనకు తోచిన అంకెలు రెండు వేసి, వెలుగు కూడా కాస్త పెంచాడు. పిల్లాడు స్టూడియో వాళ్ళు రంగులు దిద్దిన బొమ్మలా పాలమీగడ రంగులో మెరిసిపోయాడు.

"మంచిగ వచ్చిండు గద అమ్మా?" అన్నాడు.

"ఎవుడు నాయనా ఈ దొరబాబు?" అంది నూకరత్నం. "మావోడు ఇంత తెల్లగా ఎక్కడున్నాడు? తల్లి రంగే. చామనఛాయ. నువ్వు మంచికే సేసేవులే గానీ, తీసెయ్యి. ఆణ్ణి ఆడిలాగే ఉంచు."

రాజేందర్ ముఖం చిన్నబుచ్చుకుని వెలుగు వెనక్కి పెట్టేశాడు. లోవలక్ష్మి తన ముంజేతిని తెర పక్కన ఆనించి, ఆ రంగు చూసుకుంటూ అంకెలు చెప్పింది. ఒకటి చెప్పి, కాదని ఇంకొకటి చెప్పి, మళ్ళీ మార్చింది. ముఖం నెమ్మదిగా చామనఛాయకి వచ్చి ఆగింది. నూకరత్నం లేచి, తెర దగ్గరికి వచ్చి, వంగి చూసింది. చాలా దగ్గరగా చూసింది, ఊపిరి తెర అద్దం మీద మసకగా పడుతోంది.

"అంతా బానే ఉంది. సెవి తప్పు."

"చెవా?" అన్నాడు రాజేందర్.

"ఈ కుడి సెవి. దీనికీ ముకం రంగే ఏసేసేవు. ఇది ఎప్పుడూ ఎర్రగా కందిపోయి ఉండీది. రాత్రి తెల్లార్లూ తల్లి ఎడం సెయ్యి మీదే పడుకునీవోడు. తలగడ మీద ఏస్తే ఒప్పుకునీవోడు కాదు. ఒకే పక్క, ఈ సెవి కిందకెట్టి. పొద్దున్న నీళ్ళు పోసేటప్పుడు నేను రోజూ సూసీదాన్ని, మందారపువ్వులా ఉండీది." కోడలి వైపు తిరిగింది. "నీకు గుర్తు లేదా అమ్మా?"

లోవలక్ష్మి తెర వంక చూసింది. చెవి వంక చూసింది. ఎడం చేతిని ఒళ్ళోకి తీసుకుని, మోచేతి పైన ఉండే మెత్తటి చోట కుడి చేత్తో పట్టుకుంది. తల బరువు అక్కడే ఉండేది. చెమట పట్టి, జుట్టు అంటుకుని ఉండేది. చెయ్యి లాగితే కళ్ళు విప్పి, కనుబొమలు ముడిచి, ఏడుద్దామా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించేవాడు. ఇదిగో, ఈ ముఖమే. ఈ నోరే. ఇదే ముఖంతో చూసేవాడు.

"తెల్లారేసరికి చెయ్యి స్పర్శ లేకుండా పోయేది అత్తయ్యా" అంది. "తీస్తే లేస్తాడని తీసేదాన్ని కాదు. పొద్దున్న జడ వేసుకోవడానికి కూడా లేచేది కాదు ఈ చెయ్యి. నీతో తిట్టించుకునేదాన్ని, దిండు వెయ్యవే అని."

"అవునమ్మా."

"ఇప్పుడేమీ అవడం లేదు. రోజూ లేచి చూసుకుంటున్నాను. చెయ్యి బాగానే ఉంటోంది."

ఆ మాట పూర్తయ్యేలోపే ఆవిడ నోరు వంకర తిరిగింది. గొంతులోంచి వచ్చిన చప్పుడు కింద మందుల షాపు దాకా వినబడింది. రాజేందర్ మౌసు వదిలేసి లేచి నిలబడ్డాడు, బయటికి పోవాలో ఉండాలో తెలియక గోడకి ఆనుకున్నాడు. నూకరత్నం ఊరుకోమనలేదు. కుర్చీ పక్కన నేల మీద కూర్చుని కోడలి ఎడం చేతిని తన తల మీదికి లాక్కుని, దాని కింద తనూ ఏడ్చింది.